ఏడో వాడ మెరుపు పలకలు

మొదటి వారం. గది వేడి 31.2

ఈ పుస్తకానికి పది మార్కులట. వారం వారం ఏం చూశామో, ఏం అర్థమైందో రాసి, ఆఖర్న అప్పజెప్పాలట. సరే, రాస్తాను. చదివేది పాఠం చెప్పే భ్రమరాంబ మేడం ఒక్కరే కాబట్టి మొహమాటం లేకుండానే రాస్తాను.

నా పేరు బొడ్డు నూకరత్నం. వయసు నలభై నాలుగు. చంద్రుడి దక్షిణ కొసన, ఎండ ఎన్నడూ పడని చీకటిలోయలో ఏడో వాడ పలకల మేస్త్రీని. పదహారేళ్ళుగా గాలి నింపిన తొడుగు వేసుకుని, బయటికెళ్ళి, ఆ పలకల మీది దుమ్ము తీస్తున్నాను. ఇక్కడ బయట గాలి లేదు, వేడిని మోసుకుపోయేది ఏదీ లేదు. వాడలో మనుషులూ యంత్రాలూ పొయ్యిలూ పుట్టించే వేడంతా నీళ్ళ గొట్టాల్లో ముప్ఫై ఆరు పలకలకి చేరి, అక్కణ్ణించి నల్లటి ఆకాశంలోకి పోవాలి. పలకలు పని మానేస్తే మేం ఉడికి చస్తాం. ఈ సంగతి నాకు ఇంకొకరు నేర్పక్కర్లేదు.

అలాంటి నన్ను కాలేజీకి పొమ్మన్నారు. ఉష్ణ కార్యాలయం వాళ్ళ కొత్త నియమం ఇది. విశ్వవిద్యాలయంలో 'ఉష్ణం 412, వికిరణం' అనే కోర్సు పాసవకపోతే వచ్చే ఏడాది నుంచి ఎవరూ మేస్త్రీగా ఉండకూడదు. ఈ నియమం రాసినవాళ్ళలో ఒక్కరైనా తొడుగు వేసుకుని బయట అడుగు పెట్టారా అని అడిగాను. దరఖాస్తులో ఆ ప్రశ్నకి గడి లేదన్నారు.

ఇరవయ్యేళ్ళ పిల్లలు నలభై మంది, వాళ్ళ మధ్య నేను. మేడంకి ముప్ఫై మూడేళ్ళు ఉంటాయేమో. వస్తూనే బోర్డు మీద ఒక సూత్రం రాసి, వస్తువు వదిలే వేడి దాని ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందన్నారు. ఎందుకు నాలుగు, మూడెందుకు కాదు అని అడిగాను. పిల్లలు నవ్వారు. మేడం నవ్వలేదు, "అది చెప్పడానికి మూడు వారాలు పడుతుంది" అన్నారు. పనికి సెలవు పెట్టి వచ్చింది ఇందుకా అని ఒళ్ళు మండిపోయింది.

రెండో వారం. గది వేడి 31.8

వాడలో వేడి పెరుగుతోంది. ఎప్పుడూ ఇరవయ్యారు దాటని వాడ ఇది. పది నెలలుగా కొంచెం కొంచెంగా ఎక్కుతూ ఇక్కడిదాకా వచ్చింది. పసిపిల్లలకి ఒళ్ళంతా పేలింది. రెండు వందల పన్నెండు కుటుంబాలూ నన్నే అడుగుతున్నాయి. వేడికి మేస్త్రీదే కదా పూచీ.

ఇంటిలెక్కకి నాకు సున్నా వచ్చింది. ఇరవయ్యారు డిగ్రీల దగ్గర పలక చదరపు మీటరుకి ఎంత వేడి వదలగలదు అని ప్రశ్న. ఇరవయ్యారుని నాలుగుసార్లు గుణించి, ఆ చిన్న స్థిరాంకంతో మళ్ళీ గుణించాను. వాటులో నలభయ్యో వంతు వచ్చింది. మేడం ఎర్ర సిరాతో, "సెల్సియస్ కాదు, కెల్విన్. 299 తీసుకోండి. జవాబు 453 వాట్లు" అని రాశారు. మనిషికి ఒంటి మీద తెలిసే వేడిని ఒక లెక్కలోనూ, పుస్తకానికి తెలిసే వేడిని ఇంకో లెక్కలోనూ కొలవమంటే ఎవరికి మాత్రం తెలుస్తుంది? ముందే చెప్పి ఏడవచ్చు కదా. (చెప్పారట. నేను దుమ్ము పనికి వెళ్ళిన రోజున.)

మూడో వారం. గది వేడి 32.3

ఉష్ణ కార్యాలయం నుంచి గోవర్ధనం గారు వచ్చారు. మా తొమ్మిది వాడలకీ వేడి అధికారి ఆయనే. గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చారు. పైడితల్లి అప్ప ఇంట్లో ఆవపెట్టిన అరటికాయ కూర ఉడుకుతోంది.

"మీ వాడలో వంటలు ఎక్కువండీ. ఇంటింటికీ పొయ్యేమిటి? మిగతా వాడల వాళ్ళు ఉమ్మడి వంటశాలలో తినడం లేదా?" అన్నారు.

పైడితల్లి అప్ప నా ముఠాలో అందరికంటే పెద్దది. నాకంటే ముందునుంచీ పలకల పని చేస్తోంది. ఆమె గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "మా తాతల కాణ్ణించీ ఈ పొయ్యిల మీదే వండుకుంటన్నాం బాబూ. అప్పుడు లేని యేడి ఇప్పుడెలగొచ్చింది?"

"అది మా కార్యాలయం చూసుకుంటుందమ్మా."

చూసుకుంది. సాయంత్రానికల్లా వాడలో ప్రతి పొయ్యికీ సీలు వేశారు. గోడకి ఆర్డరు అంటించారు. గది వేడి 35 తాకితే ఏడో వాడ మూసేస్తారు. కుటుంబాలని మిగతా ఎనిమిది వాడల్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంచుతారు. అన్నని రెండులో, తమ్ముణ్ణి తొమ్మిదిలో. మూడు తరాలుగా కలిసి బతికిన వాడని పప్పు బెల్లాల్లా పంచిపెట్టడానికి వీళ్ళకి అధికారం ఎవరిచ్చారు?

అభ్యంతరం రాయొచ్చట. కాని 'లెక్కతో కూడిన అభ్యంతరం' అయి ఉండాలి. దాని కింద 412 పాసైనవాళ్ళయినా, ఆ పాఠం చెప్పేవాళ్ళయినా సంతకం పెట్టాలి. మా వాడలో పాసైనవాళ్ళు ఒక్కరూ లేరు.

అయిదో వారం. గది వేడి 33.0

నడిమి పరీక్షలో యాభైకి పదకొండు వచ్చాయి. దృశ్య గుణకం అని ఒకటుంది. ఒక పలక ఇంకో పలకని ఎంత 'చూస్తుందో' లెక్క కట్టాలి. ఏడు పేజీల లెక్క. పలకలకి కళ్ళెక్కడివి అని జవాబు కాగితం మీదే రాశాను. మేడం దానికి అర మార్కు వేసి, "ప్రశ్న మంచిదే, జవాబు రాయాలి" అన్నారు. అర మార్కు ఎందుకు వేశారో ఇప్పటికీ అర్థం కాలేదు, ఆ అర మార్కుకి కూడా కోపమే వచ్చింది.

పొయ్యిలు ఆపి రెండు వారాలు దాటింది. వేడి తగ్గాలి కదా? పెరిగింది. ఈ మాట గోవర్ధనం గారితో అంటే, "ఆపకపోతే ఇంకా పెరిగేది" అన్నారు. ఈ తర్కానికి ఏ కాలేజీలో పాఠం చెబుతారో కనుక్కోవాలి.

ఇక మా చేతిలో ఉన్నది మేం చేస్తున్నాం. ముఠాని వారానికి రెండుసార్లు కాక నాలుగుసార్లు బయటికి తీసుకెళ్తున్నాను. ముఖ్యంగా ముందు వరుసలో ఉన్న నాలుగు పలకలూ. సందర్శకుల గదిలో అద్దం వెనక నిలబడితే కనిపించేవి ఆ నాలుగే. నెలకోసారి ఉష్ణ కార్యాలయం వాళ్ళు అక్కడ నిలబడి చూసి, ఏ వాడ పలకలు బాగా మెరిస్తే ఆ వాడకి మెరుపు జెండా ఇస్తారు. ఈ జెండా ఇవ్వడం మొదలుపెట్టి పదకొండు నెలలైంది. అందులో తొమ్మిదిసార్లు మాకే వచ్చింది.

దానికి కారణం నేనే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. మా వాడలో ఇంటికెళ్తే ముందు చూసేది అలమరలో గిన్నెలు. గిన్నెలో మొహం కనబడకపోతే ఆ ఇల్లాలికి పేరు రాదు. పలకల మీద సున్నం రంగులో ఏదో మొండి పాచి పట్టి ఉండేది. మెత్తటి బ్రష్షుతో పోయేది కాదు. గిన్నెలు తోమే ఉక్కు పీచు తీసుకెళ్ళి రుద్దుదామని నేనే అన్నాను. మొదటి నెలకే పాచి వదలడం మొదలైంది, అప్పణ్ణించి రుద్దేకొద్దీ కింద నుంచి వెండిలాంటి లోహం బయటపడుతోంది. వెనక వరుసల్లో ముప్ఫై రెండిటికీ ఇప్పటికీ బ్రష్షే. ఎవరూ చూడనిదానికి అంత రెక్కల కష్టం ఎందుకని.

ఏడో వారం. గది వేడి 33.7

ఇవాళ ప్రయోగశాల. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

బల్ల మీద ఒక చదరపు డబ్బా, లోపల మరిగే నీళ్ళు. ఒక పక్కన మందంగా సున్నం రంగు పూత. ఎదురు పక్కన నున్నగా మెరిసే లోహం. "రెండు పక్కలా ఒకే వేడి. ఎక్కువ వేడి వదిలేది ఏది?" అని మేడం అడిగారు.

"మెరిసేది" అన్నాను. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. పలకల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"చెయ్యి పెట్టి చూడండి. తాకకండి, బెత్తెడు దూరంలో పెట్టండి."

పూత ఉన్న పక్క అరచెయ్యి పెట్టాను. సెగ తగిలింది. తిప్పి, మెరిసే పక్క పెట్టాను. ఏమీ లేదు. గోడ ముందు పెట్టినట్టే ఉంది.

"లోపల ఏదో అడ్డం పెట్టారు" అన్నాను. మేడం మూత తీసి చూపించారు. నీళ్ళే. డబ్బాని గుండ్రంగా తిప్పారు, మళ్ళీ అదే. కొలిచే పరికరం ఇచ్చారు. పూతకి 0.88, మెరుపుకి 0.06. ఉద్గారత అంటే ఇదేనట, అంటే వస్తువుకి తన వేడిని బయటికి వదిలే గుణం ఎంత ఉందో చెప్పే అంకె. మెరిసే లోహం తన వేడిని వదలదు. దగ్గరే దాచుకుంటుంది.

"అందుకే మీ పలకలన్నిటికీ ఈ పూతే వేశారు" అన్నారు మేడం, మామూలుగా, పాఠం చెబుతున్నట్టు.

"మా పలకలకి పూత లేదండీ."

"ఉంటుంది. సున్నం రంగులో, గరుకుగా."

సున్నం రంగు అనగానే ఆ పాచి గుర్తొచ్చింది. "ముప్ఫై రెండిటికి ఉంది. నాలుగిటికి లేదు. పాచి అనుకుని తోమేశాం" అన్నాను.

పిల్లలెవరూ నవ్వలేదు. మేడం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఎప్పటినుంచి?" అన్నారు. పది నెలలు దాటిందని చెప్పాను. వాడలో వేడి ఎక్కుతున్నదీ అప్పటినుంచే.

అదే వారం, మర్నాడు. గది వేడి 34.0

లెక్క నేనే కట్టాను. మేడం పక్కన కూర్చుని ఒక్క మాట కూడా సాయం చేయలేదు.

మంచి పలకలు ముప్ఫై రెండు. చెడ్డవి నాలుగూ కలిసి మంచి పలకలో పావు వంతు పని చేస్తాయి. అంటే ముప్ఫై రెండుంపావు. ముప్ఫై ఆరు చేయాల్సిన పని ముప్ఫై రెండుంపావు చేయాలంటే ఒక్కోటీ పదకొండున్నర శాతం ఎక్కువ వేడి వదలాలి. వేడి నాలుగో ఘాతం కాబట్టి ఉష్ణోగ్రత అంతా పెరగక్కర్లేదు, దాని నాలుగో మూలమంత పెరిగితే చాలు. 299ని 1.028తో గుణిస్తే 307. అందులోంచి 273 తీసేస్తే 34.

గోడ మీద థర్మామీటరు చూశాను. 34.0.

ఈ కోర్సులో నా జవాబు సరిపోవడం ఇదే మొదటిసారి. ఆ కాగితాన్ని చింపి పోగులు పెట్టాలనిపించింది. పొయ్యిలు కాదు, మనుషులు కాదు. నా ఉక్కు పీచు. వేడెక్కింది కదా అని ఇంకా ఎక్కువ తోమించిన నా నోరు. నా మీద నాకే అసహ్యం వేసింది, అంతకంటే ఎక్కువగా ఆ జెండా ఇచ్చినవాళ్ళ మీద కోపం వచ్చింది. పలకలు ఎంత వేడి వదులుతున్నాయో కొలిచే పరికరం కార్యాలయంలో ఉంది. పదకొండు నెలల్లో ఒక్కసారి దాన్ని బయటికి తీయలేదు. అద్దం వెనక నిలబడి, మెరుపు చూసి, చప్పట్లు కొట్టి వెళ్ళారు.

ఎనిమిదో వారం. 34.4, తర్వాత 30.1

పూత సరుకు రావడానికి మూడు నెలలు పడుతుందట. మేడంని అడిగాను, ఇంకేదైనా పనికొస్తుందా అని. కిటికీ అంచులకి వాడే జిగురులో బయటి దుమ్ము కలిపి, ఒక రేకు మీద రాసి కొలిచారు. 0.91. మేం పదహారేళ్ళుగా దులిపి పారేస్తున్న దుమ్ము. వదులుగా పడితే వేడిని కప్పేస్తుందట, జిగురుతో పలచగా అంటితే వదులుతుందట. ఎండ పడని చోట కాబట్టి దాని నలుపుతో భయం లేదన్నారు.

ముఠాకి సంగతి చెప్పాను. పైడితల్లి అప్ప చేతిలో ఉన్న ఉక్కు పీచు పక్కన పెట్టింది.

"అంటే మనవే సేసీసామా?" అంది.

"మనమే చేశాం అప్పా."

"మరి జెండా ఎందుకిచ్చారే వాళ్ళు?"

దుమ్ము పనికి మేస్త్రీ అనుమతి చాలు, పైవాళ్ళని అడగక్కర్లేదు. అదే రోజు పది మందిమి బయటికెళ్ళి నాలుగు పలకలకీ జిగురు పట్టించాం. అద్దాల్లా ఉన్నవి బూడిద పూసుకున్నట్టు తయారయ్యాయి. మూడు రోజుల్లో వేడి నాలుగు డిగ్రీలు దిగింది. పసివాళ్ళు నిద్రపోతున్నారు.

తొమ్మిదో వారం. గది వేడి 27.2

గోడ మీద కొత్త నోటీసు పెట్టారు. ఇది మాటకి మాట దించుతున్నాను: "ఇళ్ళలో పొయ్యిల వాడకాన్ని కార్యాలయం సకాలంలో అరికట్టినందున ఏడో వాడ ఉష్ణోగ్రత అదుపులోకి వచ్చినది. పొయ్యిల సీళ్ళు కొనసాగును. ముందు వరుస పలకలు నాలుగు మురికిగా ఉన్నట్లు గమనించడమైనది. సందర్శన దినం లోపల వాటిని పూర్వపు మెరుపుకు తేవలెను. మూసివేత ఉత్తర్వు అమల్లోనే ఉండును."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ఓపిక లేక కార్యాలయానికి నడిచాను. సందర్శన దినం అయిదు రోజుల్లో ఉంది. మళ్ళీ తోమితే మళ్ళీ 34, ఆపైన 35, ఆపైన తలుపులకి తాళాలు.

గోవర్ధనం గారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. మేడం ఎదుట పుస్తకం చూడకుండా మళ్ళీ కట్టిన లెక్కా, దాని కింద ఆవిడ సంతకమూ బల్ల మీద పెట్టాను. నా వెనకే పైడితల్లి అప్ప వచ్చింది, పిలవకుండానే.

ఆయన లెక్క మొత్తం చదివారు. చదవరనుకున్నాను, చదివారు. ఆయన మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "నూకరత్నం గారూ, అభ్యంతరం అంగీకరిస్తే మూసివేత రద్దవుతుంది, పొయ్యిలు తెరుస్తాం, తోమడం ఆపేస్తాం. కాని ఇక్కడ 'కారకులు' అని గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఈ కాగితం చెల్లదు. అందులో పేరున్నవాళ్ళు రెండేళ్ళు బయటి పని చేయకూడదు. మేస్త్రీ పదవి సరే సరి" అన్నారు.

"జెండా ఇచ్చినవాళ్ళ పేర్లు రాయొచ్చా?"

"పలకని తాకినవాళ్ళవి మాత్రమే."

"అద్దం వెనక నిలబడి చూసినవాళ్ళు తాకినట్టు కాదన్నమాట."

ఆయన లేచి తలుపు మూశారు. "ఇంకో దారి ఉంది. ఈ కాగితం తీసుకెళ్ళిపోండి. ముందు పలకల మెరుపు కొంచెం తగ్గినా నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. మీ పని మీకుంటుంది" అన్నారు.

చూసీ చూడనట్టు. ఈయన చూడకపోవడం వల్లే కదా ఇంతవరకూ వచ్చింది. రేపు ఈయన బదిలీ అయితే? వచ్చే నెల ఇంకొకరెవరో అద్దం వెనక నిలబడి, బూడిద రంగు చూసి, తోమండి అంటే? ఆ ఆర్డరు గోడ మీద ఉన్నంతకాలం రెండు వందల పన్నెండు ఇళ్ళూ ఒకరి దయ మీద ఉండాలి. అది నాకు చేతకాదు అన్నాను. కలం తీసుకుని గడిలో రాశాను: బొడ్డు నూకరత్నం, మేస్త్రీ, ఏడో వాడ. ఉక్కు పీచుతో తోమినది నేనే.

తొడుగు వేసుకుని ఆ తలుపు దాటి బయటికి వెళ్ళడం తప్ప నాకు ఇంకో పని రాదు. రెండేళ్ళు ఈ గోడల మధ్య ఏం చేయాలో తెలియదు.

కాగితం ముందుకి తోశాను. గోవర్ధనం గారు అందుకునే లోపు పైడితల్లి అప్ప చెయ్యి దాని మీద పడింది. ఆమెకి చదవడం నెమ్మది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. తర్వాత తలెత్తి నన్ను చూసిన చూపుకి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఇన్నేళ్ళలో ఆమెకి నా మీద అంత కోపం ఎప్పుడూ చూడలేదు.

"నువ్వొక్కదానివే తోమీసినావేటే?" అంది. "మరి నా రెక్కలేటి సేసినాయి? పది మందివి పది నెల్లు తోమితే పేరు నీదొక్కదాందేనా?"

"అప్పా, రెండేళ్ళు బయటికి పంపరు. వద్దు."

"నోర్ముయ్యి. బాబూ, కలం ఇలగియ్యి."

నా పేరు కింద తన పేరు రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, గడి దాటి పోయాయి. ఆ తర్వాత కలం ఇవ్వకుండా తలుపు తీసి, బయటికి కేకేసింది. ముఠాలో మిగతా ఎనిమిది మందీ వరండాలోనే ఉన్నారు. నాకు తెలియదు. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.

గడి నిండిపోయింది, ఇంకా నలుగురి పేర్లు మిగిలాయి. గోవర్ధనం గారు సొరుగు లాగి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టారు.